కే వరకు నిజమనుకుందాం

కంప్యూటర్ సైన్స్‌లో చేరితే మొదటి రోజు నుంచే కంప్యూటర్ ముందు కూర్చోబెడతారని అనుకున్నాను. చేరిన కొత్తలో మాకు దొరికింది మాత్రం నల్లబోర్డు, దాని మీద డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. కాలేజీ మార్కాపురం ఊరి బయట ఉంది. మాది పెద్దారవీడు దాటి లోపలికి పోయాక కొండ కింద పల్లె. మా బస్సు ఏ రోజు ఎప్పుడొస్తుందో డ్రైవరుకు కూడా తెలిసేది కాదు. నేను తరగతి గది తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమిన్ సార్" అనేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోయి ఉండేది. మొదటి పీరియడ్ ఎప్పుడూ అదే పేపరు.

ఆ పేపరు చెప్పే సార్ రిటైరైన లెక్కల లెక్చరర్. గిద్దలూరులో దుకాణాలున్న కుటుంబం ఆయనది. తమ్ముడు వ్యాపారం చూసుకుంటే ఈయన లెక్కలు చెప్పుకుంటూ బతికారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషన్ దాకా వచ్చి, అక్కణ్ణించి ఆటోలో కాలేజీకి వచ్చేవారు. ఇంగ్లీషులో రాసి తెలుగులో చెప్పేవారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటి వాళ్ళకు అదే ఆధారం.

జిల్లాలు విడగొట్టిన కొత్త రోజులవి. పార్టిషన్ అనే మాట చెప్పడానికి ఆయన మా జిల్లానే తీసుకున్నారు. "కందుకూరు నెల్లూరులోకి పోయింది. అద్దంకి బాపట్లలోకి పోయింది. మనం ఇక్కడే మిగిలినాం. ప్రతి మండలమూ ఏదో ఒక దాంట్లో ఉండాల, ఏ మండలమూ రెండిట్లో ఉండగూడదు. పార్టిషన్ అంటే అంతేరా నాయనా."

ఇట్లాంటివి బాగానే అర్థమయ్యేవి. ఆ సబ్జెక్టులో నాకు భయమేసిన చోట్లు వేరే ఉన్నాయి. ఒకరోజు ఆయన బోర్డు మీద ఏమీ రాయకుండా మావైపు తిరిగి, "మా ఇంట్లో పిల్లలందరూ కలెక్టర్లే" అన్నారు. వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఎవరో "ఎంతమంది సార్?" అని అడిగారు.

"ఒక్కరూ లేరు. మాకు పిల్లలు పుట్టలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"అయినా నేను చెప్పింది అబద్ధం కాదు" అన్నారాయన, చేతికంటిన సుద్ద తుడుచుకుంటూ. "అబద్ధమని నిరూపించాలంటే, కలెక్టరు కాని పిల్లోణ్ణి ఒకణ్ణి మా ఇంట్లోంచి పట్టుకొని రావాల. తెండి చూద్దాం. తేలేరు. కాబట్టి నిజం."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, నేనెప్పుడూ చూడని ఆ ఇంటిని ఊహించుకున్నాను. ఎవరూ లేని గదుల్లో ఎవరి గురించి ఏం చెప్పినా నిజమే అవుతుందన్నమాట. ఆ పిల్లలందరూ కలెక్టర్లు. అందరూ దొంగలు కూడా. అందరూ చనిపోయినవాళ్ళు కూడా. లెక్కల ప్రకారం ఇవన్నీ ఒకేసారి నిజం. బస్సు కిటికీలోంచి నల్లమల కొండలు కనపడుతున్నాయి గానీ, నా కళ్ళ ముందు మాత్రం ఆ ఇల్లే ఉంది.

మర్నాడు పీరియడ్ చివర్లో దగ్గరికి పోయి, అది అర్థం కాలేదని చెప్పాను. నిజానికి అర్థమైంది కాబట్టే భయమేసిందని చెప్పడం చేతకాలేదు.

"నువ్వు రోజూ సగం పాఠానికి వస్తావు. వచ్చి తల అడ్డంగా ఊపుతా కూర్చుంటావు. నీ తల చూస్తే నాకే పాఠం మీద అనుమానం వస్తాంది" అన్నారు. "ఏ ఊరు?"

ఊరు చెప్పాను. బస్సు సంగతి చెప్పాను. "సరే, నీకు ఫోనులో పాఠం పంపిస్తా. బస్సులో విను" అన్నారు.

ఆ వారం నుంచే రికార్డింగులు మొదలయ్యాయి. ఇంట్లో పైగదిలో కూర్చుని, ఎదురుగా చిన్న బోర్డు పెట్టుకుని, ఎవరో వింటున్నట్టే పాఠం చెప్పి ఫోనులో రికార్డు చేసేవారు. అవి వాటంతటవే నెట్‌లో ఉన్న ఒక ఫోల్డరులోకి చేరేవి. ఆ ఫోల్డరు క్లాసు మొత్తానికి తెరిచి ఉన్నా, మొదటి మాట మాత్రం నాకే ఉండేది: "ఏం బస్సు పాపా, సీటు దొరికిందా?"

మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దుమ్ము రేగుతున్న రోడ్డు మీద ఒక ముసలాయన గొంతు వింటూ పోవడం బాగుండేది. వెనకాల ఫ్యాన్ తిరిగే చప్పుడు, ఎక్కడో కింద దుకాణంలో సామాన్లు దింపుతున్న కేకలు, కుక్కరు విజిల్ అన్నీ వినిపించేవి. కొద్దిరోజులకు ఆ ఇంటి చప్పుళ్ళు మా ఇంటి చప్పుళ్ళంత అలవాటయ్యాయి.

కానీ ఒక విషయం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఆయన మధ్యమధ్యలో "అర్థమైందా?" అని అడిగి ఆగేవారు. ఫ్యాన్ చప్పుడు మాత్రం వినపడేది. నేను నాకు తెలియకుండానే తల అడ్డంగా ఊపేదాన్ని. అప్పుడు ఆయన, "కాలేదు గదా. నాకు తెలుసు. మళ్ళీ చెప్తా విను" అనేవారు. అర్థమై నేను తల నిలువుగా ఊపినప్పుడు, "ఊ, మంచిది" అని ముందుకు పోయేవారు. ఒక్కసారి కూడా తప్పేది కాదు. రాత్రెప్పుడో రికార్డు చేసిన గొంతు, పగలు బస్సులో కూర్చున్న నా తలను ఎట్లా చూస్తుంది? పక్క సీటులో ఉన్న స్నేహితురాలికి చెబితే, "ముప్పై నలభై ఏండ్లు పాఠాలు చెప్పినాడు. ఎక్కడ ఎవరికి అర్థం కాదో ఆయనకు తెలీదా ఏంది?" అని కొట్టిపారేసింది. అదే నిజమై ఉంటుంది. అయినా ఆయన "అర్థమైందా?" అన్నప్పుడల్లా నేను ఫోను స్క్రీన్‌ను ఒడిలో బోర్లా పెట్టుకునేదాన్ని.

పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక సోమవారం మొదటి పీరియడ్‌కు వేరే మేడం వచ్చి, సార్ నిన్న మధ్యాహ్నం ఇంట్లో గుండె ఆగి చనిపోయారని చెప్పారు. అందరం లేచి నిలబడి మౌనం పాటించాం. ఆ రోజు మా బస్సు తొందరగా వచ్చింది. అట్లా మొత్తం పీరియడ్ నేను గదిలో ఉన్నది అదే మొదటిసారి.

మిగిలిన పాఠాలు కొత్త సార్ గబగబా చెప్పేశారు. నేను మళ్ళీ సగం సగమే విన్నాను. పరీక్షకు కొద్దిరోజుల ముందు, కాలేజీ నుంచి తిరిగొస్తూ బస్టాండులో నిలబడి ఉంటే ఫోను మోగింది. ఫోల్డరులో కొత్త ఫైలు చేరిందని నోటిఫికేషన్. చేర్చినవారి పేరు దగ్గర సార్ పేరు, పక్కన గుండ్రంగా ఆయన ఫోటో.

జనం అటూ ఇటూ పరుగెడుతున్నారు, కండక్టర్లు ఊర్ల పేర్లు అరుస్తున్నారు. నేను ఆ ఫోటోను చూస్తూ నిలబడిపోయాను. ముందు వచ్చిన బస్సు ఎక్కలేదు. తరువాతి బస్సులో కిటికీ పక్క సీటు దొరికాక, ఎండ ఇంకా ఉండగానే వినేద్దామని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

"ఏం బస్సు పాపా, సీటు దొరికిందా?"

అది ఇండక్షన్ పాఠం. బేసి సంఖ్యలను ఒకటి నుంచి వరసగా కూడుకుంటూ పోతే ఎప్పుడూ వర్గమే వస్తుందని నిరూపించాలి. ఒకటి ఒకటే. ఒకటి, మూడు కలిపితే నాలుగు. అయిదు కలిపితే తొమ్మిది. "మొదటిది సరిపోయింది. ఇట్ల ఎన్నని చూస్తాం? మనం ముసలోళ్ళమైపోతాం. అందుకని ఒక పని చేస్తాం. కే అనే ఒక సంఖ్య ఉందనుకో. కే వరకు నిజమే అనుకుందాం. అనుకుంటే, దాని తరువాతిది కూడా నిజమని చూపిస్తే చాలు. అర్థమైందా?"

ఫ్యాన్ చప్పుడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఫ్యాన్ చప్పుడే వినిపిస్తోంది. కుర్చీ కిర్రుమంది. ఏదో చిన్న వస్తువు నేల మీద పడి దొర్లింది. సుద్దముక్క కావచ్చు. "కాలేదు గదా" అంటారని చూశాను. అనలేదు. నెట్ ఆగిందేమోనని ఫోను చూశాను. రికార్డింగు నడుస్తూనే ఉంది. కింద దుకాణంలో ఎవరో దగ్గారు. ఒక కాకి అరిచింది. చాలాసేపటికి, దూరంగా, మెట్ల కింది నుంచి ఒక ఆడమనిషి గొంతు: "ఏమండీ, కాఫీ పెట్టేదా?"

ఫ్యాన్ చప్పుడు.

ఇంకా కొంతసేపటికి మెట్ల మీద అడుగులు. కాఫీ గ్లాసు కింద పడ్డ శబ్దం. నేను ఇయర్‌ఫోన్లు పీకేశాను. నేను విన్నదేమిటో అప్పుడు తెలిసింది. మా సార్ చివరిగా మాట్లాడిన మనిషిని నేనే. నన్ను అర్థమైందా అని అడిగి, నా జవాబు కోసం ఆగినప్పుడు ఆయన వెళ్ళిపోయారు.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను. నాయన రోజంతా మిరపతోటలో పనిచేసి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. మేం చర్చికి పోయే వాళ్ళం. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారని మా పాస్టరు చెబుతాడు. నిద్రలో ఉన్నవాళ్ళు ఫైళ్ళు పంపిస్తారా అని నాయన్ను అడిగాను. నాయన చెంబు పక్కన పెట్టాడు.

"అది ఇంకా ఎవురెవురు ఇన్యారు?"

"తెలీదు నాయనా. మిగతావాళ్ళు ఇంపార్టెంట్ ప్రశ్నలే వింటారు. ఈ పాఠం చివరి దాకా విని ఉండరు."

"ఆమె మొగుడి చావు అట్ల అందరి ఫోన్లల్లో ఉండగూడదు. ఆదివారం ఆరాధన కాంగానే పోదాం పా. మనమే చెప్పాల."

గిద్దలూరులో సార్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కింద కిరాణా దుకాణం, పక్క నుంచి మెట్లు. సార్ తమ్ముడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. కాలేజీ నుంచి వచ్చామని చెబితే పైకి పొమ్మన్నాడు. నాయన మాత్రం, "నువ్వు పోయిరా, నేనీడ కూచుంటా" అని దుకాణం ముందు మెట్టు మీద కూర్చున్నాడు.

సార్ భార్య తలుపు తీశారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. చెప్పులు విడిచి గడప బయటే నిలబడితే, "లోపలికి రామ్మా. ఏ ఊరు?" అన్నారు. చెప్పాను. ఆమె ముఖం మారింది. "బస్సు పాపవా?"

నేను తల ఊపాను.

"ఆయన నీతో మాట్లాడేటప్పుడు నేను పైకి వచ్చేదాన్ని కాదు. పాప వింటాంది, చప్పుడు చెయ్యొద్దు అనేవాడు." ఆమె అది మామూలుగా చెప్పారు. నేనా ఇంటికి రావడం అదే మొదటిసారి. అయినా హాలు దాటితే వంటిల్లు ఎటువైపు ఉంటుందో, దుకాణం చప్పుడు ఎటునుంచి వస్తుందో నాకు చెప్పక్కర్లేకపోయింది.

వచ్చిన పని మెల్లగా చెప్పాను. ఆమె ఏడవలేదు. సార్ ఫోను ఇన్నాళ్ళూ ఆగిపోయి ఉందని, ఫోటోలు చూసుకుందామని ఈ వారమే ఛార్జింగ్ పెట్టానని అన్నారు. ఫోను తెరుచుకోగానే, అందులో ఉండిపోయిన ఫైలు దానంతటదే ఫోల్డరులోకి చేరిందన్నమాట. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

"నేను పిలిచింది ఉందా దాంట్లో?" అని అడిగారు.

"ఉందమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "అయితే ఆయన పలికింది కూడా ఉంటుంది."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పారు. ఆ మధ్యాహ్నం మెట్ల కింద నిలబడి కాఫీ పెట్టేదా అని అడిగితే, సార్ "ఆ" అన్నారట. ఎప్పుడూ అన్నట్టే, పని మధ్యలో ఉండి అన్నట్టు. ఆ మాట విన్నాకే ఆమె వంటింట్లోకి పోయి పాలు పెట్టారు. "డాక్టరేమో అప్పటికే ప్రాణం పోయి చాలాసేపయింది అన్నాడు. మా మరిది కూడా నీ భ్రమ వదినా అంటాడు. భ్రమ ఎందుకవుతుంది? పలకకపోతే నేను పైకి పోనా? పాలు పెట్టుకుంటా కూచుంటానా?"

నేను విన్న ఫ్యాన్ చప్పుడు నా చెవిలో మళ్ళీ తిరిగింది. ఆమె లోపలి మెట్ల మీదుగా నన్ను పైగదికి తీసుకెళ్ళారు. కుర్చీ, చిన్న టేబుల్, ఒక మంచం, గోడకు ఆనించిన బోర్డు. బోర్డు మీద పాఠం సగంలో ఆగి ఉంది. ఆమె దాన్ని ఎవరినీ తుడవనియ్యలేదు. ఫ్యాన్ వేశారు. అది నాకు తెలిసిన చప్పుడు. నేను నిలబడే ఉన్నాను, ఆ కుర్చీలో కూర్చోలేక. ఆమె మంచం అంచున కూర్చుని, "పెట్టు" అన్నారు.

నా ఫోనులో సార్ గొంతు మొదలైంది. ఆమె కళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు గదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో నాకు తెలియడం లేదు. అర్థమైందా అని ఆయన అడిగారు. కుర్చీ కిర్రుమంది. నేను కుర్చీ వైపు చూశాను. అది ఖాళీగానే ఉంది. కాకి అరిచింది. "ఏమండీ, కాఫీ పెట్టేదా?"

ఆమె కళ్ళు తెరిచారు. ముఖం వెలిగిపోయింది. "విన్నావా? 'ఆ' అన్నాడు!"

నేను వినలేదు. ఎంత చెవి ఒగ్గినా ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అవునని అంటే సరిపోయేది. కానీ ఆ గదిలో, సగం రాసిన ఆ బోర్డు ముందు నిలబడి లేనిదాన్ని ఉందని అనడానికి నాకు నోరు రాలేదు.

"నాకు వినపడలేదమ్మా."

ఆమె బాధపడతారనుకున్నాను. తల పంకించి, చాలా నెమ్మదిగా అన్నారు. "నీకెందుకు వినపడుతుంది? పలికింది నాకు గదా."

అడుగుల చప్పుడు మొదలయ్యే ముందే ఆపెయ్యమన్నారు. ఫోల్డరులోంచి తీసెయ్యమని కూడా ఆమే అన్నారు. ఆమె ఫోనులో ఒక కాపీ వేసి, ఫోల్డరులోది సార్ ఫోనులోంచే తీసేశాను. "నీ దగ్గర ఒకటి ఉంచు. నా ఫోను పోతే మళ్ళీ ఎట్ల?" అంటే, కాదనలేక నా ఫోనులో ఉంచుకున్నాను.

కిందికి వచ్చాక పళ్ళెంలో వేయించిన చెనక్కాయ గింజలు పెట్టారు. నేను తింటుంటే అడిగారు. "ఆయన తరువాత ఏం చెప్పేవాడు? ఆ పాఠంలో."

నేను అప్పటికి ఆ నిరూపణ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ బోర్డు మీద ఆగిన చోటు నుంచి ముందుకు పోవాలని నాకూ అప్పుడే తోచింది. పళ్ళెంలోంచి గింజలు తీసి నేల మీద పేర్చాను. ఒకటి పెట్టాను. దానికి రెండు పక్కలా, మూల మీదా కలిపి మూడు పెడితే చిన్న చదరం వచ్చింది. దాని చుట్టూ రెండు వైపులా అయిదు పెడితే ఇంకొంచెం పెద్ద చదరం. "చదరం ఎంతదైనా సరే అమ్మా, రెండు పక్కలా ఒక్కో వరస, మూలలో ఒకటి. ఎప్పుడూ దాని తరువాతి బేసి సంఖ్యే సరిపోతుంది." చెబుతూ చెబుతూ నాకే అర్థమైంది. ఇన్నాళ్ళూ తల అడ్డంగా ఊపింది ఇంత చిన్న విషయానికా అనిపించింది. ఏడుపు వచ్చింది. ఆమె ఏడు గింజలు తీసుకుని, ఒక్కొక్కటే సరిచేస్తూ చుట్టూ పేర్చారు. చదరం సరిగ్గా వచ్చింది.

"అర్థమైందా అమ్మా?" అన్నాను. అని ఆగాను. నా గొంతు ఆయన గొంతులా ఆగింది. ఇద్దరం తలెత్తి ఒకరినొకరం చూసుకున్నాం. పైగదిలో ఫ్యాన్ ఆపడం మరిచిపోయాం, అది తిరుగుతూనే ఉంది.

పరీక్షలో ఇండక్షన్ రాలేదు. గ్రాఫుల మీద ప్రశ్నలు వచ్చాయి. పాసయ్యాను. ఆమెతో మాత్రం మాటలు ఆగలేదు. పండక్కో, మా చర్చిలో క్రిస్మస్ కేకు కోసినప్పుడో ఫోను చేసేదాన్ని. ఆమె కూడా చేసేవారు. ప్రతిసారీ, "ఇందాకే విన్నానమ్మా, 'ఆ' అన్నాడు" అని చెప్పేవారు. నేను "సరే అమ్మా" అనేదాన్ని.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం చేశారు. ఎండలు, మంచినీళ్ళ ట్యాంకరు, మరిది కూతురి చదువు అన్నీ మాట్లాడి, చివర్లో ఆగి అన్నారు.

"ఈ మధ్య పలకడం లేదమ్మా."

"ఎవరు?"

"ఆయనే. నా గొంతు వినపడుతుంది. తరువాత ఫ్యాన్. అంతే."

"భయమేసిందా అమ్మా?" అన్నాను.

"ఇప్పుడెందుకు భయం? పలికినప్పుడు గదా వెయ్యాల్సింది. అప్పుడేమో వెయ్యలేదు." అని మాట మార్చారు. "ఒకసారి రా. చూడబుద్ధయితాంది. నాయన్ను కూడా పిలుచుకొని రా. ఈసారన్నా పైకి రమ్మను."

ఆ ఆదివారం ఇద్దరం పోయాం. నాయన పైకి వచ్చి, హాల్లో కుర్చీ అంచున కూర్చుని కాఫీ తాగాడు. ఆమె ఆయనతో మిరప ధరల గురించి చాలాసేపు మాట్లాడారు. రికార్డింగు సంగతి ఎవరమూ ఎత్తలేదు.

నా దగ్గరున్న కాపీ ఇంకా అట్లాగే ఉంది. ఆ ఫోన్ వచ్చాక ఒకసారి విందామని తెరిచాను. ఆమెకు వినపడడం మానేసిన ఆ పలుకు నాకు ఇప్పుడు వినపడుతుందేమోనని, మూసేశాను.